త్రాసులో నాల్గవ ప్రాణి

నరసరావుపేటకు అనతిదూరమున, నకరికల్లు మండలములోని చేజర్ల గ్రామమున, కపోతేశ్వరస్వామి ఆలయ మొకటి కలదు. గర్భగృహపు వెనుకభాగము ఏనుగు వీపువలె గుండ్రముగా వంపు తిరిగియుండుటచే దాని నిర్మాణమును గజపృష్ఠాకార మందురు; ఒకనాడు బౌద్ధుల చైత్యగృహమై యుండిన ఇటుకకట్టడమే కాలక్రమమున శివాలయ మైనదని పురాతత్త్వవేత్త లనేకుల అభిప్రాయము. వేటగాని బారినుండి తప్పించుకొని వచ్చి తన యొడిలో వ్రాలిన పావురమునకు శిబి చక్రవర్తి అభయ మొసగుట, వేటగాడు తన ఆలుబిడ్డల ఆకలిని చూపి న్యాయ మడుగుట, రాజు పావురముతో సరితూగు మాంసమును తన తొడనుండి కోసి త్రాసులో వేయుట, ఎంత వేసినను పావురమున్న పళ్ళెమే క్రుంగియుండగా తుదకు శిరస్సునే ఇచ్చివేయుట, ఇది అక్కడి స్థలపురాణము. తలలేని ఆ మొండెమే లింగమైనదని, లింగముమీది గుంతలు ఆనాటి కత్తిగాట్లని భక్తులు చెప్పుకొందురు. భారతమున వేటగానికి బదులు డేగ వచ్చును. బౌద్ధుల కథలలో రాజు బోధిసత్త్వు డగును. మాచర్ల దాపున కృష్ణాజలములలో మునిగిన విజయపురి త్రవ్వకములలో, నాగార్జునకొండ శిల్పఫలకములమీద, ఈ రాజు తన మాంసమును తానే కోసియిచ్చుచు కనబడును. ఆరాధ్యదైవము మారినను, మతము మారినను, పల్నాటి సీమలో త్రాసు మాత్రము మారలేదు.

ఈ కథను అహింసకు నిదర్శనముగా చెప్పుకొనుట మనకు పరిపాటి. నిదానించి చూచినచో ఇందులో అహింస అంత సులభముగా గట్టెక్కలేదు. పావురమును కాపాడుట ధర్మమైనచో, ఆకలిగొన్న డేగ నోటికాడి కూటిని పడగొట్టుట ఏ ధర్మము? డేగ అడిగిన ఈ ప్రశ్నను రాజు కొట్టిపారవేయలేదు. నీ ఆకలియు న్యాయమే యని ఒప్పుకొన్నాడు. ఒప్పుకొన్న పిమ్మట మిగిలినది మూల్యము ఎవరు చెల్లింపవలెనన్న సంగతి యొక్కటే. అభయ మిచ్చినవాడెవడో వాడే చెల్లింపవలెనని రాజు క్షణమైనను తడవుకొనక కత్తి చేతబట్టినాడు. కోసిన మాంసము వీసెలు మణుగులు లెక్కించి ఆశ్చర్యపడుటకంటె, ఈ నియమమును గమనించుట మేలని నాకు తోచును.

వైద్యశాస్త్రముకొరకు జంతువులపై జరుగు పరిశోధనను గూర్చి చదివినప్పుడెల్ల నాకీ త్రాసు జ్ఞప్తికి వచ్చుచుండును. రోగి శరణుజొచ్చిన పావురము. వ్యాధి తరుముకొనివచ్చు డేగ. అభయ మొసగిన రాజు వైద్యుడు. ఇంతవరకు పొంతన కుదిరినది. పళ్ళెములో పడుచున్నది మాత్రము వైద్యుని తొడ కాదు. కథలో ఎక్కడను లేని, ఎవరిని శరణు వేడని, ఎవరి కూటికిని అడ్డు రాని నాల్గవ ప్రాణి యొకటి, ఎలుకయో కుందేలో కుక్కయో కోతియో, పంజరమునుండి తీయబడి ఆ పళ్ళెములో పెట్టబడుచున్నది. అభయమిచ్చిన కీర్తి ఒకరిది, అభయము పొందిన లాభము వేరొకరిది, చెల్లింపు ఈ రెంటితోను సంబంధము లేని మూగజీవిది. శిబి నియమము ఇక్కడ తలక్రిందులైనదని ఒప్పుకొనక తప్పదు. ఒప్పుకొన్న తరువాత ఏమి చేయవలెనన్నదే ఈ వ్యాసమునకు విషయము.

త్రాసునే విరిచివేయుద మనువారితో నేను ఏకీభవింపజాలను. దానికి కారణమును పల్నాటి జొన్నకూటితోనే చెప్పవచ్చును. ఈ సీమలో సన్నన్నము దొరకక శ్రీనాథుడు ఎంత విసిగిపోయెనో చాటువులు విన్న తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆ మహాకవి బాధ నాలుకతో తీరిపోయినది. జొన్నయే ముప్పూటల ఆహారమైన దక్కను పల్లెలలో పేదవారికి ఇంకొక బాధ కలుగుచుండెను. ఎండ తగిలెడు మెడ, ముంజేతులు, పాదములు నల్లబడి పొరలు లేచుట, విరేచనములు, మనస్సు క్రుంగిపోవుట దాని లక్షణములు. పెల్లాగ్రా యని వైద్యులు పిలుచు ఈ వ్యాధి మొక్కజొన్న తిని బ్రతుకు దేశములలో పేరుమోసినది. నికొటినిక్ ఆమ్లపు లోపముచే అది వచ్చునని తేలినది 1937లో. అమెరికాలో ఎల్వెజెం అను శాస్త్రజ్ఞుడు కుక్కలకు వచ్చు నల్లనాలుక రోగమును ఆ ఆమ్లముతో మాన్పిన తరువాతనే మనుష్యుల పెల్లాగ్రాకును మందు దొరికినది. అయితే జొన్నలో ఆ ఆమ్లమునకు కొదువ లేదు గదా, జొన్న తినువారికి ఈ రోగ మేల?

ఈ చిక్కు విప్పుటకు పూనుకొన్నది హైదరాబాదు తార్నాకలోని పరిశోధనాలయము. 1918లో రాబర్టు మెకారిసన్ కూనూరులో ప్రారంభించిన ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. (మెకారిసన్ కూనూరులో ఎలుకలకు దేశములోని వేర్వేరు జాతులవారి భోజనము పెట్టి చూడగా, సిక్కుల రొట్టె, పాలు, వెన్న తిన్నవి బలిసి నిగనిగలాడుటయు, మన మద్రాసు రాజధానివారి తెల్లబియ్యపు తిండి తిన్నవి చిక్కిపోవుటయు ఆ కాలమున మనవారికి కొంత చిన్నతనముగానే తోచి యుండును.) జొన్నలో లూసిన్ అను అమైనో ఆమ్లము మితిమీరి యుండుటయే పెల్లాగ్రాకు హేతువై యుండునని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించిరి. 1965లో బెలవాడి, గోపాలన్ కుక్కలకు జొన్న ఆహారమునే పెట్టి నల్లనాలుక పుట్టించి చూపిరి. లూసిన్ వాదమును తరువాతివా రందరును అంగీకరింపలేదు. అయినను పెదవులు పగిలి, నోరు పుండై, తిండి ముందున్నను తినలేని ఆ కుక్కల మూలముననే కూలివాని కంచములోని జొన్నసంకటికిని వాని చర్మమునకును గల సంబంధము ప్రయోగమున రూఢియైనది.

ఇట్టిదే మరియొకటి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, బోదకాళ్ళ బాధ ఇంటింట కనబడు గోదావరి మండలములనుండి అమెరికాకు వెళ్ళి, లెడర్లీ పరిశోధనాలయమున ఉన్న కాలమున, 1947లో, ఆయన ఆధ్వర్యవమున హెట్రజాన్ అను మందు వెలువడినది. దాని గుణమును మొదట పరీక్షించినది కాటన్‌ర్యాట్ అను అడవియెలుకలలో. వాని శరీరమున సహజముగా నివసించు ఫైలేరియాజాతి పురుగులే మనుష్యుని పురుగులకు బదులుగా నిలిచినవి. ఇప్పటికిని బోదవ్యాధి గల మండలములలో ఆరోగ్యకార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి తమ కండ్లయెదుటనే మ్రింగించు డి.ఇ.సి. మాత్ర అదియే. మాత్ర చేదుగా నున్నదని ముఖము చిట్లించువారికి ఆ యెలుక సంగతి తెలియదు. తెలియవలసిన పనియు లేదని కొందరనవచ్చును గాని, ఆ మాట నాకు రుచింపదు.

జంతువును పళ్ళెమునుండి దింపివేసినంత మాత్రమున పళ్ళెము ఖాళీగా నుండదని చరిత్ర చెప్పుచున్నది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును డై ఇథిలీన్ గ్లైకాల్ అను తీపి ద్రవములో కరగించి, ఏ ప్రాణిపైనను పరీక్షింపకయే విక్రయించిరి. నూరుమందికి పైగా చనిపోయిరి. వారిలో పసిపిల్లలు పెక్కుమంది. మరుసటి యేడు అక్కడ క్రొత్త ఔషధశాసనము వచ్చినది. నాల్గవ ప్రాణి లేనిచోట మొదటి రోగియే నాల్గవ ప్రాణి యగును. ఆ మొదటి రోగి సాధారణముగా బీదవాడో, బాలుడో, తన కేమి ఇచ్చుచున్నారో అడుగజాలనివాడో యై యుండును. 2020లో మన హైదరాబాదున తయారైన కోవిడ్ టీకాను ప్రజలందరికి వేయుటకు పూర్వము హామ్‌స్టర్ ఎలుకలకును, పూణేలో ఇరువది కోతులకును ఇచ్చి చూచినారన్న వార్త చదివి నొచ్చుకొన్నవారిలో, చేయి చాచి ఆ టీకా వేయించుకొననివారెందరు?

అట్లని జంతువు చెప్పునది ఎప్పుడును వేదవాక్కు కాదు. 1940 మే నెలలో ఫ్లోరీ అను శాస్త్రజ్ఞుని బృందము పెన్సిలిన్‌ను పరీక్షించినది ఎనిమిది చిట్టెలుకలపైన. వాని బదులు గినీపందులను ఎన్నుకొని యుండినచో అవి ఆ మందుకే చనిపోయి, పెన్సిలిన్ విషమని మూలకు నెట్టబడి యుండెడిది. ఒక జీవి దేహము మరియొక జీవి దేహమునకు సాక్ష్యము చెప్పుటలో ఎంత బలమున్నదో అంత తడబాటును కలదు.

ఇక తత్త్వవిచారము. జంతువు కేవలము యంత్రమని, దాని అరపు గడియారపు మ్రోత వంటిదని డెకార్టు అను తత్త్వవేత్త శిష్యులు చెప్పిరట. అది ఎంత క్రూరమైన మాటయో అంత సుఖమైన మాట. ఆ మాట నమ్మినవానికి రాత్రి నిద్ర పట్టును. కర్మను, పునర్జన్మమును విశ్వసించిన మన దర్శనములకు ఆ సుఖము దక్కలేదు. చీమనుండి బ్రహ్మవరకు ఒకే జీవుడు తిరుగుచున్నాడని చెప్పుకొన్న తరువాత ఎలుకకు నొప్పి లేదనుట కుదరదు. శాస్త్రజ్ఞుడైనను దానిని అనజాలడు. ఎలుక దేహము మన దేహమును పోలియున్నదనియే గదా వాని ప్రయోగమునకు ఆధారము! పోలినచో దాని బాధయు మన బాధను పోలును. పోలనిచో ప్రయోగము వ్యర్థము. ఇది ఉభయతఃపాశము. దీనినుండి తప్పించుకొను దారి నాకు కనబడలేదు. తప్పించుకొంటిమనువారి వాదములలో ఏదో యొక ముడి వదులుగా కట్టబడియుండుట మాత్రము కనబడినది.

ఆ వదులు ముడులలో తరచుగా వినబడునది భారతములోని ధర్మవ్యాధుని మాట. మాంసము నమ్ముకొని బ్రతుకు ఆ వ్యాధుడు కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మబోధ చేయుచు, నాగలి సాగినచోట నెన్ని ప్రాణులు నలిగిపోవునో, నడచు పాదముక్రింద నెన్ని చచ్చునో ఎత్తిచూపి, హింస లేని జీవనము లేదని నిరూపించినాడు. ఆ మాట సత్యమే. దానిని ప్రయోగశాలకు కవచముగా తొడుగుట సరికాదు. దుక్కి దున్నువాడు వానపామును చంపుటకు దున్నుట లేదు. ప్రయోగము చేయువాడు ఫలానా దినమున, ఫలానా ప్రాణికి, ఫలానా బాధ కలుగునని ముందుగానే కాగితముమీద వ్రాసికొని పని మొదలుపెట్టును. కర్మ మనగా చేతనయే, అనగా సంకల్పమే యని బుద్ధుడు బోధించిన కోణమునుండి చూచినచో ఈ రెండింటికిని హస్తిమశకాంతరము. సంకల్పము స్పష్టమైనకొలది బాధ్యతయు బరువెక్కును. అమరావతి మహాచైత్యపు శిల్పములలో, ఇప్పుడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో ఉన్న, నాళాగిరి యను ఏనుగు కథ చెక్కిన ఫలకమును చూచినవారికి ఈ సంగతి వేరు విధముగా స్ఫురించును: ఒకవైపు మదించిన ఏనుగు వీథిలో మనిషిని తొండముతో విసరుచుండును, మరియొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదములముందు మోకరిల్లియుండును. ఏనుగు తనంతట మదింపలేదు. బుద్ధునికి శత్రువైన దేవదత్తుని ప్రేరణచే దానికి కల్లు పట్టించిరి. శిల్పి దోషమును ఏనుగుమీద వేయలేదు.

మన శాసనమునందు ఒక విచిత్రము కలదు. నాట్యకళావిదుషి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో తెచ్చిన బిల్లును, ప్రభుత్వమే సమగ్రశాసనము చేయునని నెహ్రూ మాట యివ్వగా ఉపసంహరించుకొనిన తరువాత, 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. ఆ చట్టపు 14వ విభాగము విజ్ఞానాభివృద్ధికొరకు, రోగనివారణకొరకు చేయు ప్రయోగములను మినహాయించినది. 28వ విభాగము మతవిధి ననుసరించి చేయు పశువధను మినహాయించినది. యాగశాలకును ప్రయోగశాలకును ఒకే కప్పు! యజ్ఞమున చేయు వధ వధ కాదని స్మృతికారులు చేసిన వాదమునే, నేడు వేషము మార్చి, జ్ఞానముకొరకు చేయు వధ వధ కాదని మనము చెప్పుకొనుచున్నాము. ఆ పోలికలో అవమానకర మేమియు లేదు. పైపెచ్చు ఉపయోగ మున్నది. ఏలయన, యజ్ఞపశువు విషయమున మనవారి మనస్సు వేల యేండ్లుగా ఏమి చేసినదో పరిశీలించినచో, ప్రయోగపశువు విషయమున ఏమి చేయవచ్చునో తెలియును.

వారు ప్రతినిధిని వెదకిరి. మధ్వాచార్యుల సంప్రదాయమున సజీవపశువునకు మారుగా పిండితో చేసిన పిష్టపశువు వచ్చినది. మన గ్రామములలో బలి ఇచ్చుచోట బూడిదగుమ్మడికాయ వచ్చినది. దసరానాడు దుకాణము ముందు కుంకుమ నింపి పగులగొట్టిన కాయ ఎవరి ప్రాణమునకు బదులో ఆలోచింపక దాటిపోవుదుము. విశేష మేమనగా, సుశ్రుతుడు శస్త్రవిద్యార్థులకు కోత నేర్పుటకు చెప్పినదియు అదే గుమ్మడి. గుమ్మడి, సొర, దోస కాయలపై ఛేదనమును, నీరు నింపిన తోలుసంచులపై భేదనమును, చచ్చిన పశువుల సిరలపైనను తామరతూడులపైనను రక్తనాళవేధనమును అభ్యసింపవలెనని ఆయన విధించినాడు. చేయి కుదిరిన తరువాతనే రోగి. ఈ పద్ధతి మనకు ఉండియు, కళాశాలలలో తరతరములుగా కప్పను పలకమీద నాలుగు కాళ్ళకు గుండుసూదులు గ్రుచ్చి, గుండె ఇంకను కొట్టుకొనుచుండగా, పుస్తకములో అప్పటికే అచ్చైయున్న బొమ్మను మరల చూచుట విద్య యనుకొంటిమి. మాదిరులతో, చలనచిత్రములతో పని జరుగునెడల జంతుప్రయోగము మానవలెనని 1960 చట్టపు 17వ విభాగమే చెప్పినను, విశ్వవిద్యాలయముల నిధుల సంఘము జంతువిచ్ఛేదనమును తగ్గించుటకు పూనుకొనుట ఈ శతాబ్దపు రెండవ దశకమున గాని జరుగలేదు.

1959లో ఇంగ్లండున రస్సెల్, బర్చ్ అను ఇద్దరు ప్రయోగజంతువుల విషయమున మూడు సూత్రములు చెప్పిరి: వీలైనచోట జంతువునకు ప్రత్యామ్నాయము, వీలుకానిచోట సంఖ్యలో తగ్గింపు, తగ్గింపరానిచోట బాధలో ఉపశమనము. మొదటి సూత్రమునకు పిచ్చికుక్క కాటు మందుకంటె మంచి దృష్టాంతము లేదు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులన్న మాట విని వణకని బాల్యము మన తరమున ఎవరికి ఉన్నది? కసౌలిలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన ఆ మందు, రేబిస్ సోకించిన గొఱ్ఱెల మెదడును నూరి, సూక్ష్మజీవిని చంపి తయారుచేయబడెడిది. గొఱ్ఱె చచ్చుట ఒకటి. ఆ మెదడు పదార్థమే సరిపడక కొందరు రోగులకు పక్షవాతము వచ్చుట మరియొకటి. గాజుపాత్రలలో పెంచిన కణములపై తయారగు టీకా వచ్చి సెంపుల్ మందును సాగనంపగా గొఱ్ఱెయు బ్రతికినది, రోగియు సుఖపడినాడు, పదునాలుగు సూదులు నాలుగైదై భుజమునకు ఎక్కినవి. జంతువునకు మేలు చేసిన ప్రతిమారు మనుష్యునకు నష్టమే యని వాదించువారు ఈ యొక్క ఉదాహరణమును జీర్ణించుకొనవలెను. 2023 మార్చిలో మన ఔషధపరీక్షల నిబంధనలను సవరించి, కణసముదాయములతోను, చిన్న పలకలపై పెంచిన మానవ అవయవకణజాలముతోను, గణకయంత్రములతోను చేయు పరీక్షలకు అవకాశము కల్పించిరి, హైదరాబాదున సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర పరిశోధనాలయమునకు అనుబంధముగా ఇట్టి మానవనమూనాల కొరకు ఒక కేంద్రమే వెలసినది. అయితే గర్భస్థశిశువునకు మందు ఏమి చేయునో, నెలల తరబడి వాడిన మందు కాలేయమునుండి మెదడువరకు ఎట్లు ప్రాకునో ఒక పలకమీది కణములు ఇంకను పూర్తిగా చెప్పలేవు. పిష్టపశువు అన్ని యాగములకును ఇంకను సిద్ధము కాలేదు.

సిద్ధమగువరకు పంజరములో ఉన్న ప్రాణి మాట యేమి? ఇక్కడ ధర్మము సూక్ష్మమై చేతివ్రేళ్ళవరకు దిగివచ్చును. చిట్టెలుకను తోక పట్టి ఎత్తినదానికంటె దోసిటిలోనికి తీసికొన్నచో, లేక చిన్న గొట్టములోనికి తానే నడచివచ్చునట్లు చేసినచో, దాని భీతి ఎంతో తగ్గునని 2010లో లివర్పూల్ పరిశోధకులు నిరూపించిరి. అంతకుముందు లోకమంతట లక్షలసార్లు తోక పట్టియే ఎత్తుచుండిరి. ఖర్చు లేని ఈ దయ ఎవరికిని తోచలేదు. హైదరాబాదులో ఒక జంతుశాలను చూడబోయినప్పుడు, వరిఊక పరచిన పెట్టెలు వరుసగా పేర్చిన ఆ గదిలో, ఊక మార్చుచున్న వృద్ధసేవకుని, ఇవి మిమ్ము గుర్తించునా యని అడిగితిని. “గుర్తుపట్టకేం సార్! పొద్దున్నే నా చెప్పుల చప్పుడు వినగానే ముందుకొచ్చి నిలబడతాయి. కొత్తకుర్రాడొస్తే మూలకు పోయి ఊకలో దూరతాయి. ఆ రోజు చేసిన లెక్కలు తేడాగా వస్తాయని డాక్టరుగార్లే అంటారు” అని, మాట్లాడుచునే ఒక ఎలుకను అరచేతిలోనికి తీసికొని, దాని చెవివెనుక పుండేమైన నున్నదేమో చూచి, మరల దాని జతగాని ప్రక్కన దింపినాడు. భయపడిన ఎలుక రక్తము భయమునే చెప్పును గాని మందు గుణమును చెప్పదన్నమాట. ఉపశమనము ధర్మమే కాక ప్రమాణశాస్త్రము కూడ నైనది. ప్రయోగజంతువుల పోషణలో సేవకులకు, పర్యవేక్షకులకు శిక్షణ యిచ్చు జాతీయకేంద్రము తార్నాక సంస్థలోనే నెలకొనుట మన అదృష్టము. అక్కడ చదివినవాడు ఎప్పుడు మత్తు ఇవ్వవలెనో నేర్చును. ఎప్పుడు ప్రయోగము నాపి, తెలివి రాకముందే ఆ ప్రాణికి అంత్యము కలుగజేయవలెనో కూడ నేర్చును. రెండవది నేర్చుట కష్టము, ఏలయన అప్పటికి ప్రయోగఫలితము ఇంకను రెండు దినముల దూరములో ఊరించుచుండును.

జపానులోని విశ్వవిద్యాలయములలో ఏటేట ప్రయోగజంతువులకు స్మారకపూజ జరుపు ఆచారము కలదు. ఆచార్యులు, విద్యార్థులు, సేవకులు చేరి పూలుంచి నమస్కరింతురు. బౌద్ధము నడచిన దేశమున ఇది సహజము. కృష్ణాతీరపు బౌద్ధమునకు వారసులమైన మనము మాత్రము దానిని ఎరువు తెచ్చుకొననక్కరలేదు, వండినదానిలో కాకికిని కుక్కకును ఒక ముద్ద తీసిపెట్టు భూతయజ్ఞము మన గృహస్థుని నిత్యవిధియే. అయినను ఇట్టి పూజలపై నాకు కొంత అనుమానము కలదు. నూరు ఎలుకలకు నమస్కరించి మరుసటి యేడు నూటయేబదింటిని తెప్పించినచో ఆ నమస్కార మెవరి శాంతికొరకు?

కనుక నాకు మూడింటిలో ఎక్కువ పట్టింపు తగ్గింపుమీదనే. మన తెలుగునాట ఫార్మసీ కళాశాలలు వీథివీథిని వెలసినవి. వానిలో పట్టభద్రవిద్యార్థి సిద్ధాంతవ్యాసమునకు అంశము వెదకుకొనును. నేరేడుగింజయో తిప్పతీగయో పొడపత్రియో దొరకును. రసాయనముతో ఎలుకల క్లోమమును చెరచి మధుమేహము తెప్పించి, ఆకుపసరు పోసి, చక్కెర తగ్గినదని వ్రాయును. ఇదివరకు పలుమారులు తగ్గిన చక్కెరయే మరల తగ్గినది. ఆ వ్యాసము బీరువాలో చేరును. ఆ మందు ఏ రోగి ఇంటికిని చేరదు. తగ్గనప్పుడు మరియు విషాదము, ఏలయన తగ్గలేదన్న సంగతి అచ్చు కాదు. అచ్చు కానందున పొరుగు కళాశాలలో మరియొక విద్యార్థి అదే ఆకును అదే ఎలుకలకు పోయును. ఇందులో రాక్షసత్వ మెవరిదియు లేదు. మార్కులున్నవి, గడువులున్నవి, గురువుగారి పాత అంశమున్నది. చేయి తిరుగుటకు మాత్రమే జంతువులపై ప్రయోగము చేయరాదన్న చట్టపు వాక్యమును దాటుచున్నామని వారిలో ఎవరికిని తోచదు.

దీని నాపుటకు ఏర్పాటు లేకపోలేదు. 1998 నాటి నిబంధనల ననుసరించి ప్రతి సంస్థలోను ఒక నైతికసంఘ ముండవలెను. అందులో శాస్త్రజ్ఞులు, పశువైద్యుడు, జంతుశాలాధికారి, కేంద్రప్రభుత్వ సంఘము నియమించిన ప్రతినిధి, వీరితోకూడ శాస్త్రజ్ఞుడు కాని సామాజికస్పృహ గల వ్యక్తి యొకడు కూర్చుండవలెను. త్రాసు పట్టినవాడే తూనికరాళ్ళను కూడ తన సంచిలో ఉంచుకొనకుండుటకే ఈ చివరి వ్యక్తి. వాడు విశ్రాంత ఉపాధ్యాయుడో, న్యాయవాదియో యై యుండును. సభలో వినబడు మాటలలో సగము వానికి అర్థము కాదు. అర్థము కానందున సిగ్గుపడి, టీ త్రాగి, చూపినచోట సంతకము పెట్టి వచ్చుటయు కద్దు. వానికి రసాయనశాస్త్రము తెలియనక్కరలేదు. ఈ ప్రయోగము ఇదివరకు ఎవరైనను చేసిరా, చేసినచో ఫలిత మేమి, ఫలితము తెలిసియు మరల చేయుట ఎందుకు, ముప్పది ఎలుకలని వ్రాసినారే ఇరువదినాలుగు ఏల చాలవు, నొప్పి ఎక్కువైన దినమున ఆపుమని చెప్పు అధికారము రాత్రివేళ ఎవరికి ఉన్నది, ఆ మనిషి ఫోను నంబరు తలుపుమీద వ్రాసినారా యని తెలుగులో అడిగి, తెలుగులో జవాబు వచ్చువరకు కలము మూత తీయకుండుట అతని పని.